పత్తిచేనుకు సఫేదీ

జూన్ 29, ఆదివారం

నా కూతురు ఇవాళ నన్ను పనికి పిలిచింది.

ఈ ఒక్క మాట రాసి, పెన్ను పక్కన పెట్టి, చాయ్ తాగి మళ్లీ వచ్చి చదువుకున్నాను. నిజమే, రాసి ఉంది! డెబ్బై ఒక్క ఏళ్లు నాకు. ఏడో తరగతి దాటలేదు. నలభై ఏళ్లు కిషన్‌బాగ్ నుంచి మలక్‌పేట దాకా గోడలకు సఫేదీ వేశాను. సున్నం నానబెట్టడం, వడకట్టడం, పంపుతో కొట్టడం, నాకు తెలిసిన విద్య అదే. ప్లాస్టిక్ పెయింట్లు వచ్చాక సున్నం అడిగే దిక్కు లేదు. పన్నెండేళ్లుగా నా పిచికారీ పంపు మేడ మీద తుప్పు పడుతోంది. ఇవాళ చర్చి నుంచి వస్తూనే స్వీటీ ఒక బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది.

స్వీటీ రాజేంద్రనగర్‌లో పెద్ద చదువు చదువుతోంది. పత్తి ఆకుల రసం పీల్చే దోమల మీద చదువు. విషం కొట్టకుండా చీనామట్టిని నీళ్లలో కలిపి కొడితే ఆకు మీద తెల్లటి పొర పడుతుందట. దోమ కాళ్లకు ఆ మట్టి అంటుకుంటుంది, ఆకును గుర్తుపట్టలేదు, లేచి పోతుంది. చంపడం లేదు, వెళ్లగొట్టడమే. ఎంత మంచి చదువు! కానీ మట్టి డబ్బా అడుగున కూర్చుంటోంది. పంపు నోరు మూసుకుపోతోంది. పైగా దోమ ఉండేది ఆకు అడుగున, మట్టి పడేది ఆకు పైన. నెల నుంచి ఇదే తిప్పలు.

బకెట్లో చెయ్యి పెట్టి చూశాను. నవ్వొచ్చింది.

"ఏంది బాపూ, నవ్వుతున్నవ్?"

"రాత్రంత నానబెట్టినవా?"

"లేదు. పది నిమిషాలు కలిపిన."

"పది నిమిషాలకు పప్పు కూడ నానదు బిడ్డా. దేంతోని వడగట్టినవ్?"

"జల్లెడతోని."

"జల్లెడ చాయ్ వడగట్టనీకి. దీనికి మల్లుగుడ్డ గావాలె. రెండు మడతలేసి."

చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని మొహర్రం జులూస్ చూసినప్పటి కళ్లతో చూసింది నన్ను. "బాపూ, నువ్వు నాతోని చేనుకు రావాలె" అంది.

వంటింట్లోంచి చంద్రమ్మ: "మెట్లెక్కితే రొప్పే మనిషిని చేన్లకు తోల్కపోతవా?"

"చేన్ల మెట్లుండయ్ అమ్మా."

దేవా, నీకు స్తోత్రం. స్తోత్రం. స్తోత్రం.

జూన్ 30

పంపు దించాను. కిరసనాయిల్‌తో తుడిచాను. పలికింది!

జూలై 5, శనివారం

చేను ఎవరిదో రాయలేదు. నా బామ్మర్ది ఎల్లేష్‌ది, చేవెళ్ల దాటాక. ఒకటే ఎకరం. పోయిన ఆగస్టులో ఆ చేనులోనే పురుగుల మందు కొడుతూ పడిపోయాడు. గాలికి ఎదురుగా కొట్టాడు, మూతికి గుడ్డ కూడా లేదు. నాలుగు రోజులు హాస్పిటల్లో కళ్లు తెరవలేదు. చంద్రమ్మ తమ్ముడి కాళ్లు పట్టుకుని కూర్చుంది. ఇంకోసారి అయితే మనిషి దక్కడని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మందు కైలాసం సేటు షాపులోది. ఎల్లేష్‌ను అక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది నేనే. "జెర ఘాటుది ఇయ్యి సేటూ, మావోనికి దోమ మస్తుగుంది" అన్నది కూడా నేనే. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇవాళ సేటు గల్లీలో ఆపాడు. తాతల కాలం నుంచి వాళ్లది ఈ ఇలాకాలో పేరున్న దుకాణం. మంచివాడే. నోరు మాత్రం ఊరికే ఉండదు.

"ఏం డానియేలన్నా, పత్తికి సఫేదీ వేస్తున్నవట! ఆకాకుకు బార్డర్ గూడ తీస్తవా ఏంది?"

షాపు ముందు నిలబడ్డ వాళ్లంతా నవ్వారు.

"తీస్త సేటూ. ముందు నీ షాపుల అల్మారాలకు వేస్త. అవి ఖాళీ అయితయ్ గద, జాగా దొరుకుతది."

అప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. సేటు కూడా నవ్వాడు. నవ్వనీ. నేను గోడలకు సున్నం వేసేటప్పుడు నా కింద నిలబడి నవ్వినవాళ్లందరి నెత్తిన చుక్కలు పడ్డాయి.

జూలై 17, గురువారం

ఇవాళ కొట్టాం!

ఆరింటి బస్సుకు పోయాం. నానబెట్టి వడకట్టిన మట్టి రెండు డబ్బాల్లో. మొక్కలు మోకాలి ఎత్తు ఉన్నాయి. ఆకు తిప్పితే పచ్చదోమ పక్కవాటుగా పరుగెత్తుతోంది. చెయ్యంత చేనులో దాని రాజ్యం చూడు!

ఎల్లేష్ గట్టు మీద గొంతుకు కూర్చున్నాడు. పోయినేడాది నుంచి మనిషి సగమయ్యాడు.

"బావా, స్వీటీ అంటే నాకు పానం. కానీ చేను గూడ పానమే గద."

"మామా, ఒక లెక్క పెట్టుకుందాం" అంది స్వీటీ. "యాభై చెట్లు, చెట్టుకు మూడాకులు తిప్పి దోమను లెక్కపెడ్త. సగటున ఆకుకు రెండు దాటినయా, నీ ఇష్టం. నేను అడ్డం రాను."

"దాటితే మందు కొడ్త. మల్ల ఏడ్వద్దు."

"ఏడ్వను."

మాట అయిపోయింది. ఆకుకు రెండు దోమలు. నా బామ్మర్ది ప్రాణం ఆ రెండింటి మధ్య ఉంది.

ఆ పిల్ల పై నుంచి కొట్టబోయింది. పంపు లాక్కున్నాను. సజ్జా కింద, స్లాబు కింద కొట్టడానికి నా దగ్గర వంకర గొట్టం ఉంది. మూతి ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. దాన్ని తగిలించి, గొట్టం మొక్కల కిందికి పోనిచ్చి, నేల నుంచి పైకి కొట్టాను. ఆకుల అడుగులన్నీ తెల్లబడ్డాయి! స్వీటీ వంగి చూసి కేక పెట్టింది. దోమలు లేచి మా మొహాల మీదికి వచ్చాయి. నా నోట్లోకి ఒకటి పోయింది. ఉమ్మేసి నవ్వాను.

పన్నెండేళ్లు ఆ గొట్టాన్ని పాతసామాన్లవాడికి వెయ్యమని పోరుపెట్టింది చంద్రమ్మ. ఇక పోరదు.

జూలై 22

వాన. రెండు రోజులు. మట్టి సగం కడుక్కుపోయిందని ఎల్లేష్ ఫోన్. మళ్లీ కొట్టాలి. "వానాకాలం గిట్లనే ఉంటది బాపూ, కొత్తాకు వచ్చినప్పుడు ఎట్లయిన మల్ల కొట్టాల్సిందే" అంటుంది స్వీటీ. ఎంత తీరుబడిగా అంటుందో!

వాన కొట్టే గోడకు సఫేదీ ఎలా నిలబెట్టాలో నాకు తెలియదా?

జూలై 28, సోమవారం

రెండోసారి కొట్టాం. స్వీటీ ఆ చివర నుంచి, నేను బావి వైపు నుంచి. బావి వైపు ఆరు వరసలు నా డబ్బాలోది. బాగా పట్టింది. ఇంకేమీ రాయాల్సింది లేదు.

ఆగస్టు 2, శనివారం

మళ్లీ వాన పడింది. అంతటా మట్టి కారిపోయిందట. నా ఆరు వరసలు మాత్రం బొట్టు కదల్లేదట! ఎల్లేష్ ఫోన్లో అరిచాడు:

"బావా, నీ వరసలు పాలరాయి లెక్క మెరుస్తున్నయ్! ఏం జేసినవ్?"

"చేతి గుణం" అన్నాను.

స్వీటీ కూడా అడిగింది. అదే చెప్పాను. చేతి గుణమే. నలభై ఏళ్ల చెయ్యి. అది ఏ పుస్తకంలో దొరుకుతుంది? గల్లీలో నలుగురికి చెప్పాను. సేటుకు వినపడేలా చెప్పాను.

ఆగస్టు 6, బుధవారం

ఆరు వరసల్లో ఆకులు అప్పడాల్లా బిరుసెక్కాయి. అంచులు ముడుచుకుని మాడుతున్నాయి. లేత చిగుళ్లు విచ్చుకోలేక వంకర తిరిగాయి. ఎల్లేష్ ఫొటో పంపాడు. నిన్న నాకు కూడా చెప్పకుండా సేటు షాపుకొచ్చి మందు డబ్బా కొనుక్కుపోయాడట.

స్వీటీ ఫొటో చూసి కింద కూలబడింది. "మట్టే కాల్చింది బాపూ. మా సార్‌కు రాస్త, ఆపేద్దమని. శనివారం పోయి లెక్క పెట్టి, మామకు వదిలేసి వస్త."

ఎండ ఎక్కువగా ఉంది ఈ వారం. చాలా ఎక్కువగా ఉంది. ఎండ వల్లే.

ఆగస్టు 7

ఎండే.

ఆగస్టు 8, శుక్రవారం

ఎండ కాదు. సరేసు.

ఇప్పుడు రాసేశాను గనక ఊపిరి ఆడుతోంది. మొత్తం రాస్తాను.

సరేసు అంటే వడ్రంగులు, రంగులవాళ్లు వాడే బంక. పశువుల చర్మం, ఎముకలు ఉడికించి చేస్తారు. వాన తగిలే గోడకు సున్నంలో సరేసు పడకపోతే మేస్త్రీ మేస్త్రీ కాడు. ఆ సోమవారం తెల్లవారుజామునే చంద్రమ్మ పాల గిన్నెలో సరేసు గడ్డలు కరిగించాను, నా డబ్బాలో పోశాను. స్వీటీకి చెబితే వద్దంటుందని చెప్పలేదు. వాన మీద గెలవాలనిపించింది. నేనూ ఒకటి కనిపెట్టాననిపించుకోవాలని కూడా అనిపించింది. అది కూడా రాస్తాను, ఎవరికి భయం?

పొద్దున టిఫిన్ దగ్గర చంద్రమ్మ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"పది దినాల సంది తోముతున్న. పాలు పోస్తే ముర్గీచౌక్ కోళ్ల బజార్ వాసనొస్తుంది. ఏం ఉడ్కబెట్టినవయ్యా దీంట్ల?"

స్వీటీ దోసె తుంచుతూ ఆగింది. గిన్నె వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది.

నాకు ఒక్క క్షణం ఏం అనిపించిందంటే, ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ పిల్ల తన చదువునే తప్పనుకుంటుంది. తప్పు మట్టి మీదికి పోతుంది. ఎల్లేష్ రేపు డబ్బా మూత తీస్తాడు. మూతికి గుడ్డ కట్టుకోడు, వాడి సంగతి నాకు తెలుసు. రెండోసారి కూడా నేనే వాడిని ఆ మందు దగ్గరికి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు. ఒకసారి చాలదా?

"సరేసు కలిపిన" అన్నాను. "నా ఆరు వరసల. మట్టి తప్పు లేదు. నాదే."

స్వీటీ దోసె ముక్కను ప్లేట్లో పడేసింది.

"ఎంత?"

"డబ్బాకు చారెడు గడ్డలు."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటవని."

"వద్దంటననే గద చెప్పాలె!" ఆ కేకకు పక్కింటి కోళ్లు లేచాయి. "బాపూ, నేను నిన్ను పిలిచింది కొట్టనీకి. వండనీకి గాదు!"

"అవును బిడ్డా."

"పాల గిన్నెల!" అంది చంద్రమ్మ. ఆమె బాధ ఆమెది.

స్వీటీ లేచి చెయ్యి కడుక్కుంది. ఇక రావొద్దంటుందనుకున్నాను. తన నోట్‌బుక్ తెచ్చి పెన్ను తీసి, "ఏ వరస నుంచి ఏ వరస దాక? సరేసు ఎంతసేపు ఉడ్కింది? కరెక్టుగ చెప్పు" అంది. అన్నీ చెప్పాను. అన్నీ రాసుకుంది. నా పేరు కూడా రాసింది. డానియేలు, సరేసు, ఆరు వరసలు.

"ఇగ నా డబ్బాల ఏది పడ్డా నాకు తెల్వాలె. రేపు మామకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

రేపు చెబుతాను. వాడు నన్ను కొడితే కొట్టనీ. కొట్టే బలముంటే సంతోషమే.

ఆగస్టు 9, శనివారం

చెప్పాను. గట్టు మీద నిలబడి, పక్క చేనువాళ్లు వింటుండగానే చెప్పాను. తల మాత్రం దించలేదు.

ఎల్లేష్ చేతిలో సంచి, సంచిలో సేటు డబ్బా. నన్ను, ఆరు వరసలను మార్చి మార్చి చూశాడు.

"గోడ అనుకున్నవా బావా? గోడ పెరగదు. ఆకు పెరుగుతది. మీద బంక ఆరినంక అది యాడికి పెరగాలె?"

ఇంత చదువు చదివిన నా కూతురు కూడా ఆ మాట విని వాడి వైపు చూసింది. నాకు సిగ్గేసింది. ఏడో తరగతి వల్ల కాదు, నలభై ఏళ్లు చచ్చిన గోడల్నే చూసిన కళ్ల వల్ల.

"తప్పయింది ఎల్లేషూ. ఏసినోన్ని నేనే, కడిగేటోన్ని నేనే. కానీ డబ్బా తియ్యకు. లెక్క చూడు ముందు."

"ఇంకేం లెక్క!"

"మాటిచ్చినవ్ మామా" అంది స్వీటీ. "ఆకుకు రెండు. నువ్వే తిప్పు, నువ్వే లెక్కవెట్టు. నేను రాస్త గంతే."

వాడే తిప్పాడు. యాభై చెట్లు, చెట్టుకు మూడు ఆకులు. ఆరు వరసలను వదిలేశారు. వాడు గొణుగుతూ అంకె చెబుతాడు, ఆ పిల్ల గీత గీస్తుంది. నేను వెనకాల నడిచాను. ఒక ఆకు దగ్గర "నాలుగు" అన్నాడు. తర్వాత సున్నా. సున్నా. ఒకటి. మూడు. సున్నా. నాకు లెక్కలు రావు, అయినా వేళ్లు ముడుస్తూనే ఉన్నాను.

స్వీటీ కూడి, భాగించి, మళ్లీ భాగించింది. ఆకుకు ఒకటిన్నర లోపే!

ఎల్లేష్ నమ్మలేదు. గట్టు దాటి పక్క చేనులోకి పోయి అక్కడా ఆకులు తిప్పాడు. అది రెండుసార్లు మందు కొట్టిన చేను. తిరిగి వచ్చి సంచి ముడి గట్టిగా బిగించాడు.

"ఎంతుంది మామా గాడ?"

"నీకెందుకే" అన్నాడు. తర్వాత, "మూడు దాటింది" అన్నాడు.

నాకు కేక వెయ్యాలనిపించింది. వేశాను.

"బావా, కేకలు తర్వాత. ముందు నీ గోడలు కడుగు."

సాయంత్రం దాకా గోరువెచ్చటి నీళ్లతో ఆరు వరసలూ కడిగాను. వరమ్మ, ఎల్లేష్ పెళ్లాం, కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి అందించింది. సరేసు వేడికే కరుగుతుంది, అది నాకు తెలుసు. నడుము ఇప్పుడు లేదు నాకు. ఎక్కడో ఆ చేనులోనే పడిపోయి ఉంటుంది.

ఆగస్టు 20

ఆరు వరసల్లో నాలుగు చిగురు పెట్టాయి. ఆ బావి పక్క రెండు వరసలు కోలుకోలేదు. స్వీటీ బతికినవీ పోయినవీ రాసుకుంది. పోయినవాటిని దాచనంటుంది. దాచకు బిడ్డా. రాయి.

ఆగస్టు 24, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే సేటు పిలిచాడు. ఆరు వరసల సంగతి ఆయన దాకా వచ్చింది.

"సరేసు వేసినవట అన్నా! వచ్చే యేడు వార్నిష్ కొట్టు, చెట్లు మెరుస్తయ్."

"కొడ్త సేటూ. నీకెందుకు ఫికర్?"

"ఫికర్ గాదు. మీ బామ్మర్ది కనబడ్తలేడు మల్ల. ఈ టైముకు పోయిన యేడు మూడుసార్లొచ్చిండు."

"ఈ టైముకు పోయిన యేడు హాస్పిటల్ల ఉండె. ఇప్పుడు చేన్ల ఉన్నడు."

సేటు నోట్లో కిళ్లీ ఆగింది. "గా మాట నాకు తెల్వదన్నా" అన్నాడు మెల్లగా. నిజంగానే తెలియదేమో. నేను కూడా చెప్పలేదు కదా ఏడాదిగా. అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఘాటుది అడిగింది నేనేనని కూడా చెప్పాను. గల్లీ అంతా విన్నది. విననీ. ఇంటికొచ్చి చంద్రమ్మకు చెప్పాను. ఆమె వంటింట్లోకి పోయి రెండు గంటలు గిన్నెలు తోమింది. తర్వాత చాయ్ ఇచ్చింది, ఆ పాల గిన్నెలోదే. వాసన రాలేదు.

సెప్టెంబర్ 4, గురువారం

మూడోసారి కొట్టాం. ఈసారి పంపు ఎల్లేష్ పట్టాడు. వంకర గొట్టం ఎలా తిప్పాలో నేర్పాను. దుమ్ము పోకుండా మూతికి రుమాలు కట్టాను, నా చేతులతోనే, రెండు ముడులు వేసి. "పెండ్లికొడుకు లెక్క జేసినవ్ బావా" అన్నాడు. అయినా విప్పలేదు.

గులాబీ పురుగు ఇంకా రాలేదు. కాయలోకి దూరే ఆ పురుగుకు ఈ మట్టి చాలదని స్వీటీ ముందే చెప్పింది. దానికి వేరే ఉపాయం వెతుకుతోంది. రానీ, చూద్దాం. దోమ మాత్రం ఇవాళ్టికి కూడా రెండు దాటలేదు.

పదకొండింటికి వరమ్మ అన్నం గంప నెత్తిన పెట్టుకుని చేనులోకి దిగింది. ఎల్లేష్ పంపు పట్టుకునే గట్టిగా అరిచాడు.

"ఏయ్! దిగకు! గట్టు కాడ్నే ఉండు, కొడుతున్న కనబడ్తలేదా?"

ఆమె ఆగింది. వాడూ ఆగాడు. తను కొడుతున్నది ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది వాడికి. డబ్బాలోకి చూసుకున్నాడు.

"అలవాటు" అన్నాడు.

వరమ్మ మాత్రం కదల్లేదు. "అన్నా," అంది నాతో, "నేను ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేండ్లు. మందు గొట్టే దినం ఈయన అన్నం తినంగ నేను చూడలే. ఇంటికొచ్చుడు, తానం జేసుడు, కక్కుడు, పండుడు. గంతే."

ఆమె గంప దించి రెండు వరసల మధ్యలోనే కూర్చుంది. తడి ఆరని తెల్లటి ఆకులు ఆమె భుజాలకు తగులుతున్నాయి. స్వీటీ పోయి పక్కన కూర్చుంది. నేను కూలబడ్డాను. బావి నీళ్లతో అందరం మోచేతుల దాకా కడుక్కున్నాం. కనుబొమల మీది తెలుపు పోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం.

ఎల్లేష్ అందరికంటే చివర వచ్చాడు. పంపు దూరంగా పెట్టి, రుమాలు విప్పి, మొదటి ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు చూశాడు.

తిన్నాడు. పప్పు బాగుందన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు.